ఒక్క గిన్నె పోయిందని ఊరు తగలబెట్టిన డ్రాగన్: స్మౌగ్ అసలు కథ

ఈ రోజు ఎపిసోడ్‌ని ఒక దొంగతనంతో మొదలుపెడదాం.

ఒక కొండ ఉంది. కొండ కడుపులో చీకటి హాలు. హాలు నిండా బంగారం, వెండి, రత్నాలు, కవచాలు, కత్తులు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆ గుట్ట మీద ఒక డ్రాగన్ పడుకుని గురక పెడుతోంది. చెప్పుల్లేని ఒక పొట్టివాడు అడుగులో అడుగేసుకుంటూ సొరంగంలోంచి దిగొచ్చాడు. చేతికందిన గిన్నె ఒకటి, రెండు పిడులున్న పెద్ద గిన్నె, ఎత్తుకుని వెనక్కి ఒకటే పరుగు. అంతే, దొంగతనం అయిపోయింది.

లెక్కపెట్టలేనన్ని వస్తువుల్లో ఒక్క గిన్నె. డ్రాగన్ నిద్రలేచింది. లేచిన వెంటనే తెలిసిపోయింది, ఒకటి తగ్గిందని! 170 ఏళ్లకు పైగా ఆ గుట్ట మీదే పడుకుంది కదా, ఆ గిన్నెతో ఒక్కసారైనా నీళ్లు తాగలేదు. అయినా సరే, ఒకటి తగ్గేసరికి వచ్చిన కోపానికి కొండ మొత్తం అదిరిపోయింది.

మీలో చాలామంది ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. ఇది టోల్కీన్ రాసిన హాబిట్ నవల. ఆ పొట్టివాడు బిల్బో. ఆ డ్రాగన్ స్మౌగ్. స్పెల్లింగ్ చూసి కొంతమంది 'స్మాగ్' అంటారు, ఢిల్లీ పొగమంచులాగ. కాదు, స్మౌగ్ అనాలి. సినిమా ఒక్కటే చూసినవాళ్లకి ఈ గిన్నె సంగతి తెలీదు. 2013లో వచ్చిన సినిమాలో బిల్బో ఆర్కెన్‌స్టోన్ అనే రత్నం కోసం వెతుకుతాడు. పుస్తకంలో మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు తెచ్చేది మాత్రం ఈ గిన్నెనే. నాకైతే స్మౌగ్ కథ మొత్తానికి ఆ గిన్నే ముఖ్యం. ఎందుకంటే ఆ గిన్నె టోల్కీన్ పుట్టడానికి తొమ్మిది వందల ఏళ్ల ముందే ఒకసారి దొంగతనం అయింది. ఆ దొంగ ఎవరో ఇప్పటికీ తేలలేదు. ఈ రోజు ఆ దొంగని వెతుకుదాం.

ముందుగా 1936కి వెళ్దాం. టోల్కీన్ అప్పటికి ఆక్స్‌ఫర్డ్‌లో పదకొండేళ్లుగా ప్రొఫెసర్. ఆయన సబ్జెక్ట్ పాత ఇంగ్లిష్. పాతదంటే షేక్‌స్పియర్ కాదు, షేక్‌స్పియర్‌కి ఇంకో ఆరేడు వందల ఏళ్ల వెనకది. ఇప్పటి ఇంగ్లిష్ వాళ్లు చదివినా ఒక్క ముక్క అర్థం కాదు. మనం నన్నయకి ముందున్న శాసనాలు చదవబోతే ఎలా తడబడతామో, అంతకంటే ఎక్కువ తడబాటు అన్నమాట.

ఆ ఏడాది అక్టోబర్‌లో ఆయన హాబిట్ రాతప్రతిని లండన్‌లో ఒక పబ్లిషర్‌కి పంపాడు. ఆ పబ్లిషర్ దాన్ని తన పదేళ్ల కొడుకు రేనర్ అన్విన్‌కి ఇచ్చి, చదివి ఎలా ఉందో రాసిమ్మన్నాడు. కూలి ఒక షిల్లింగ్. ఆ పిల్లాడు బాగుందని రాస్తూ, అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి నచ్చుతుందని తేల్చేశాడు. వాడికి పదేళ్లు కదా, తను పెద్దవాడైపోయినట్టు లెక్క!

సరిగ్గా నెల తిరక్కుండా, నవంబర్ 25న, అదే టోల్కీన్ లండన్‌లో బ్రిటిష్ అకాడమీ పండితుల ముందు నిలబడి ఒక ప్రసంగం చేశాడు. విషయం బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లిష్ కావ్యం. అందులో రాక్షసులూ డ్రాగనూ ఎందుకున్నాయన్నదే ఆయన వాదన. అంటే ఒకే సీజన్‌లో ఒక పదేళ్ల పిల్లాడికీ, దేశంలోని పెద్ద పెద్ద పండితులకీ ఒకే మనిషి డ్రాగన్ గురించి చెప్పాడు. అదీ ఇద్దరికీ సీరియస్‌గానే చెప్పాడు. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి టోల్కీన్ మీద గౌరవం పెరిగింది.

ఇంతకీ బేవుల్ఫ్‌లో ఏముంది? 3,182 పాదాల కావ్యం. బేవుల్ఫ్ అనే వీరుడు కుర్రాడిగా ఉన్నప్పుడు గ్రెండెల్ అనే రాక్షసుణ్ణీ, తర్వాత వాడి తల్లినీ చంపుతాడు. ఈ భాగం గేముల్లో, సినిమాల్లో బాగా వాడేశారు కాబట్టి నేను ఆగను. చివరి మూడో వంతుకి వెళ్దాం. బేవుల్ఫ్ రాజై 50 ఏళ్లు పాలించాడు. ముసలివాడయ్యాడు. దేశం ప్రశాంతంగా ఉంది.

ఆ దేశంలో సముద్రం దగ్గర ఒక మట్టిదిబ్బ ఉంది. లోపల నిధి. దాన్ని అక్కడ పెట్టింది డ్రాగన్ కాదు, ఒక మనిషి. అతని జాతి మొత్తం చచ్చిపోయింది. ఒక్కడే మిగిలాడు. ఆ బంగారాన్ని తళతళా తుడిచేవాళ్లు లేరు, ఆ గిన్నెల్లో తాగేవాళ్లు లేరు. ఇంకెవరికిస్తాడు? అందుకే భూమికే ఇచ్చేశాడు. తర్వాత తనూ పోయాడు. ఆ తలుపు లేని నిధి ఒక డ్రాగన్ కంటపడింది. అది వచ్చి పడుకుంది. 300 ఏళ్లు కాపలా కాసింది. దానివల్ల తనకి పైసా లాభం లేదని కవి కూడా అంటాడు.

అప్పుడు వచ్చాడు మన దొంగ. వాడు వీరుడు కాదు. యజమాని దగ్గర ఏదో తప్పు చేసి, దెబ్బలకి భయపడి పారిపోయి, తలదాచుకోవడానికి చోటు వెతుక్కుంటూ ఆ దిబ్బలోకి దూరాడు. లోపల చూస్తే డ్రాగన్ నిద్రపోతోంది. గుండెలు జారిపోయాయి. కానీ ఒక గిన్నె మాత్రం పట్టుకొచ్చాడు. తీసుకెళ్లి యజమానికిచ్చి క్షమించమని వేడుకున్నాడు. యజమాని గిన్నె చూశాడు, శాంతించాడు.

డ్రాగన్ లేచింది. దిబ్బ చుట్టూ వాసన చూసింది. అడుగుల గుర్తులు కనిపించాయి. లోపలికి వెళ్లి లెక్క చూసుకుంది, బయటికొచ్చి మళ్లీ వెతికింది. ఈ లోపలికీ బయటికీ తిరగడం చదువుతుంటే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. బీరువా తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోయినప్పుడు మనం కూడా ఇలాగే తిరుగుతాం కదా! సూర్యుడు మునిగేదాకా ఆగి, చీకటి పడగానే పైకి లేచి ఇళ్లన్నీ తగలబెట్టింది. బేవుల్ఫ్ సొంత కోట కూడా కాలిపోయింది.

ఇప్పుడు హాబిట్ దగ్గరికి రండి. నిద్రపోతున్న డ్రాగన్, దూరిన దొంగ, ఒక గిన్నె, లేచి లెక్క చూసుకున్న డ్రాగన్, కాలిపోయిన ఊరు. కలిసింది కదా? 1938 మొదట్లో ఒక పాఠకుడు ఇదే సందేహం పేపర్‌కి రాశాడు, ఈ గిన్నె బేవుల్ఫ్ నుంచి తెచ్చారా అని. టోల్కీన్ జవాబు భలేగా ఉంటుంది. బేవుల్ఫ్ నాకు ఎంతో విలువైన ఆధారమే, కానీ రాసేటప్పుడు దాన్ని మనసులో పెట్టుకుని రాయలేదు, కథ అక్కడిదాకా వచ్చాక ఆ దొంగతనం దానంతటదే జరిగిపోయింది అన్నాడు. నేను నమ్ముతాను. ఇరవై ఏళ్లు ఒకే పుస్తకం పాఠం చెప్తే, అది మనం రాసే ప్రతి దాంట్లోకీ అడక్కుండానే వచ్చేస్తుంది. అదే జవాబులో స్మౌగ్ పేరు గురించి కూడా చెప్పాడు. కన్నంలోంచి దూరడం అనే అర్థమున్న ఒక పాత జర్మానిక్ క్రియకి అది భూతకాల రూపమట. అంటే మన డ్రాగన్ పేరు 'దూరాడు' అన్నమాట. భాషా పండితుల చిల్లర జోక్ అది.

సరే, ఇంతకీ దొంగ ఎవరు? ఇక్కడి నుంచి అసలు చరిత్ర మొదలవుతుంది.

బేవుల్ఫ్ కావ్యానికి ప్రపంచంలో ఉన్నది ఒకే ఒక్క పాత ప్రతి. క్రీ.శ. 1000కి అటూ ఇటూగా ఇద్దరు లేఖకులు తోలు కాగితం మీద రాసింది. అది పోతే కావ్యం పోయినట్టే. ఆ ప్రతి 17వ శతాబ్దంలో రాబర్ట్ కాటన్ అనే ఆయన లైబ్రరీలో ఉండేది. ఆ లైబ్రరీలో ఒక్కో బీరువా మీద ఒక్కో రోమన్ చక్రవర్తి తల బొమ్మ ఉండేది. బేవుల్ఫ్ ఉన్నది విటెల్లియస్ తల కింద, మొదటి అరలో, పదిహేనో పుస్తకం. ఇప్పటికీ దాని నంబర్ అదే.

1731 అక్టోబర్ 23 రాత్రి లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో ఆ పుస్తకాలున్న భవనానికి నిప్పంటుకుంది. ఆ భవనం పేరు ఆష్‌బర్న్‌హామ్ హౌస్. ఇంగ్లిష్‌లో ఆ పేరులోనే బూడిదా ఉంది, కాలడమూ ఉంది. ఇలాంటి పేరు నేను కథలో పెడితే మీరు ఒప్పుకోరు! లైబ్రేరియన్ ఒక అతి పాత గ్రీకు బైబిల్ ప్రతిని చంకలో పెట్టుకుని బయటికి పరుగెత్తాడని అప్పటివాళ్లు చెప్పుకున్నారు. మిగతా పుస్తకాల్ని కిటికీల్లోంచి కిందికి విసిరేశారు. కొన్ని బూడిదయ్యాయి. బేవుల్ఫ్ బతికింది, కానీ అంచులు కాలిపోయాయి. కాలిన తోలు పెళుసుగా మారి, ఎవరు ముట్టుకున్నా అప్పడంలా విరిగి రాలిపోయేది. ఏడాదికేడాది అక్షరాలు రాలుతూనే ఉన్నాయి.

దాన్ని కొంత కాపాడింది థోర్కెలిన్ అనే ఐస్‌లాండ్ పండితుడు. డెన్మార్క్ ప్రభుత్వ ఉద్యోగి. 1787 ప్రాంతంలో లండన్ వచ్చి మొత్తం కావ్యానికి రెండు నకళ్లు తయారు చేయించాడు, ఒకటి వేరేవాళ్ల చేత, ఒకటి తన చేత్తో. ఆ తర్వాత రాలిపోయిన సుమారు 2,000 అక్షరాలు మనకి ఆ నకళ్ల వల్లే తెలుసు. ఆయన ఇంటికెళ్లి ఇరవై ఏళ్లు దాని మీద పనిచేశాడు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హేగన్ మీద బాంబులేసింది. థోర్కెలిన్ ఇల్లు కాలిపోయింది, ఆ ఇరవై ఏళ్ల పనీ కాలిపోయింది. నకళ్లు మాత్రం మిగిలాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి 1815లో అచ్చు వేశాడు. డ్రాగన్ మంట గురించి రాసిన పుస్తకం రెండు మంటల్లోంచి బయటపడింది!

ఇప్పుడు వినండి. ఆ ప్రతి మొత్తంలో బాగా పాడైపోయిన పేజీల్లో ఒకటి ఏదో తెలుసా? డ్రాగన్ మొదటిసారి వచ్చే పేజీ. దొంగ గిన్నె తీసే పేజీ. అది మంట వల్ల ఒక్కటే కాదు, అంతకు ముందే ఆ పేజీ మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఎవరో వాటిపైనే మళ్లీ దిద్దారు. దొంగ ఎవరో చెప్పే మాట దగ్గరికి వచ్చేసరికి స్పష్టంగా మిగిలింది ఒక్క అక్షరం. థోర్న్ అంటారు, 'థ' లాంటి శబ్దం. మిగతాది పోయింది.

పాత ఇంగ్లిష్‌లో ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు మూడున్నాయి ఇక్కడ పనికొచ్చేవి. ఒకటి 'థేయో', అంటే బానిస. ఇంకోటి 'థెయిన్', అంటే రాజు దగ్గరి పరివారంలో ఒకడు. మూడోది 'థేయోఫ్', అంటే దొంగ. చాలామంది సంపాదకులు బానిస అనే వేశారు. కొందరు ఒప్పుకోలేదు. అంటే ఒక్క అక్షరం పక్కన మనం ఏం పూరిస్తామన్న దాని మీద ఆ మనిషి బతుకే మారిపోతుంది. బానిస అయితే, దెబ్బలు తప్పించుకోవడానికి ఒక గిన్నె తెచ్చుకున్న పేదవాడు. దొంగ అయితే, దేశం మీదికి నిప్పు తెచ్చిన దొంగ. ఈ చోటు గురించి టోల్కీన్‌కి బాగా తెలుసు. ఆయన 1926 నాటికే బేవుల్ఫ్ మొత్తాన్ని వచనంలోకి అనువాదం చేసి పెట్టుకున్నాడు. అది ఆయన పోయాక చాలా ఏళ్లకి, 2014లో బయటికొచ్చింది.

స్మౌగ్ మొత్తం బేవుల్ఫ్ నుంచే రాలేదు. మీరు గమనించారో లేదో, ఇందాకటి నుంచి బేవుల్ఫ్ డ్రాగన్‌ని 'అది' అంటున్నాను. దానికి పేరు లేదు, మాట రాదు. కానీ స్మౌగ్ మాట్లాడతాడు. మాట్లాడితే అది 'వాడు' అయిపోతుంది. ఈ మాటల గారడీ ఫాఫ్నిర్ నుంచి వచ్చింది.

ఫాఫ్నిర్ ఉత్తర ఐరోపా నార్స్ కథల్లో డ్రాగన్. అతను పుట్టుకతో డ్రాగన్ కాదు. బంగారం కోసం సొంత తండ్రినే చంపి, ఆ బంగారం మీద పడుకుని పడుకుని డ్రాగన్ అయిపోయాడు. సిగుర్డ్ అనే కుర్రాడు వాడు నీళ్లకి వెళ్లే దారిలో గొయ్యి తవ్వి, అందులో దాక్కుని, మీదుగా పాకుతున్నప్పుడు కింది నుంచి పొడుస్తాడు. చచ్చిపోతూ ఫాఫ్నిర్ నీ పేరేంటని అడుగుతాడు. సిగుర్డ్ వెంటనే చెప్పడు, పొడుపుకథలాగ తిప్పి చెప్తాడు. ఎందుకంటే చచ్చేవాడు పేరు పెట్టి శపిస్తే తగులుతుందని నమ్మకం. ఇప్పుడు బిల్బో స్మౌగ్‌తో మాట్లాడిన సీన్ గుర్తు తెచ్చుకోండి. బిల్బో కూడా పేరు చెప్పకుండా పొడుపుకథల్లోనే మాట్లాడతాడు. స్మౌగ్‌కి దెబ్బ తగిలేదీ కడుపు వైపే. సిగుర్డ్ కథని స్వీడన్‌లో రామ్‌సుండ్ దగ్గర ఒక పెద్ద బండ మీద సుమారు వెయ్యేళ్ల కింద చెక్కారు. ఆ చెక్కడంలో డ్రాగన్ ఒంటి మీదే అక్షరాలు రాసి ఉంటాయి, డ్రాగనే ఒక పొడవాటి వాక్యం అన్నట్టు. ఫోన్‌లో ఫొటో వెతికి చూడండి, వదలబుద్ధి కాదు.

టోల్కీన్‌కి ఈ ఫాఫ్నిర్ చిన్నప్పటి నుంచే పరిచయం. ఆండ్రూ లాంగ్ 1890లో వేసిన పిల్లల కథల పుస్తకంలో చదివాడు. ఏడేళ్ల వయసులో తనే ఒక డ్రాగన్ కథ రాస్తే, వాళ్లమ్మ చదివి కథ గురించి ఏమీ అనలేదట. 'పచ్చ పెద్ద డ్రాగన్' అనకూడదు, 'పెద్ద పచ్చ డ్రాగన్' అనాలి అని మాత్రం చెప్పిందట. ఎందుకలా అని ఆయన జీవితమంతా ఆలోచించాడు. మనం కూడా 'పెద్ద నల్ల కుక్క' అంటాం కానీ 'నల్ల పెద్ద కుక్క' అనం కదా? ఎందుకో మీరూ ఆలోచించండి.

ఇక్కడ మన వైపు సంగతి ఒకటి చెప్పాలి. డ్రాగన్ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ దానర్థం పెద్ద పాము. బేవుల్ఫ్ కవి ఎక్కువసార్లు 'వ్యూర్మ్' అంటాడు. అంటే పాము, పురుగు, రెండూ. మన ఊళ్లలో చీకటిపడ్డాక పొలానికి వెళ్తుంటే "పురుగూ పుట్రా ఉంటాయి, టార్చ్ పట్టుకెళ్లు" అంటారు కదా, అక్కడ పురుగంటే ఏ పురుగో అందరికీ తెలుసు. మా నాయనమ్మ వాళ్ల ఊరి చివర ఒక పాత బురుజు ఉండేది. దాని కింద లంకెబిందెలు ఉన్నాయనీ, వాటి మీద పాము చుట్ట చుట్టుకుని కూర్చుందనీ, ఆ పాము పోయిన జన్మలో ఆ డబ్బు దాచిపెట్టిన పిసినారేననీ నాయనమ్మ చెప్పేది. నాయనమ్మకి ఫాఫ్నిర్ ఎవరో తెలీదు. అయినా కథ ఒకటే. వేదంలో వృత్రుణ్ణి చంపిన కథకీ, గ్రీకు కథలకీ, ఈ సిగుర్డ్ కథకీ మాటల్లోనే చుట్టరికం ఉందని కాల్వర్ట్ వాట్కిన్స్ అనే భాషా పండితుడు 1995లో ఒక లావాటి పుస్తకమే రాశాడు. లంకెబిందెలకీ ఫాఫ్నిర్‌కీ అలాంటి చుట్టరికం ఉందని నేననను. దాచుకున్న డబ్బుని చూస్తే మనుషులకి అన్నిచోట్లా ఒకటే జంతువు గుర్తొచ్చిందంటాను, అంతే.

మళ్లీ 1936 నవంబర్‌కి వద్దాం. అప్పటి పండితుల గోల ఏంటంటే, బేవుల్ఫ్‌లో రాజులూ యుద్ధాలూ పగలూ లాంటి పనికొచ్చే చరిత్ర అంతా పక్కకి పోయింది, నడి మధ్యలో రాక్షసులూ డ్రాగనూ లాంటి పిల్లల వ్యవహారం కూర్చుంది అని. టోల్కీన్ దీన్ని తిరగేశాడు. డ్రాగన్ మధ్యలో ఉండడం తప్పు కాదు, ఆ కావ్యానికి బలం అదే అన్నాడు. మనిషి ఎంత గొప్పవాడైనా చివరికి ఓడిపోతాడు, ఓడిపోతానని తెలిసీ నిలబడతాడు, ఆ సంగతి చెప్పడానికి ఇంకో రాజు సరిపోడు, డ్రాగనే కావాలి అని ఆయన వాదన సారం. ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకు బాగా నచ్చింది. బేవుల్ఫ్ డ్రాగన్‌తో తనకున్న ఫిర్యాదు అది డ్రాగన్ కావడం కాదట, ఇంకా సరిపడా డ్రాగన్ కాకపోవడమట. అది కొన్ని చోట్ల జంతువులా ఉంటుంది, కొన్ని చోట్ల దురాశకి బొమ్మలా మారిపోతుంది అని. మరి ఆ కొరత ఎవరు తీర్చాలి? ఆ మాట అంటున్న మనిషి రాతప్రతి అప్పటికే పబ్లిషర్ బల్ల మీద ఉంది. అందులో స్మౌగ్ ఉన్నాడు. పొగరు, తెలివి, పొగడ్తలంటే పడిచావడం, ఎదుటివాడి మనసులో అనుమానం నాటే నాలుక, అన్నీ ఉన్న పూర్తి డ్రాగన్.

యుద్ధం సంగతి కూడా ఒక ముక్క. ఈయన ఎప్పుడూ పుస్తకాల గదిలోనే కూర్చున్న మనిషి కాదు. 1916లో సోమ్ యుద్ధంలో ఉన్నాడు. ప్రాణస్నేహితులిద్దరు ఆ ఏడాదే చనిపోయారు. జ్వరంతో వెనక్కి వచ్చి ఆసుపత్రిలో పడుకుని రాసిన మొదటి కథల్లో ఒక నగరం మీదికి ఇనుప డ్రాగన్లు వస్తాయి, వాటి కడుపులో సైనికులుంటారు. యుద్ధ ట్యాంకులు ప్రపంచంలో మొదటిసారి కదిలింది ఆ సోమ్‌లోనే. చదివినవాళ్లకి ట్యాంకులు గుర్తురాకుండా ఉండవు.

హాబిట్ 1937 సెప్టెంబర్ 21న వచ్చింది. మొదట వేసినవి 1,500 కాపీలు. డిసెంబర్‌కల్లా అయిపోయాయి.

ఇక స్మౌగ్ చావు. స్పాయిలరే, కానీ పుస్తకానికి తొంభై ఏళ్లు కావొస్తున్నాయి, నన్నేమీ అనకండి. ఏళ్ల తరబడి బంగారం మీద పడుకోవడంతో రత్నాలు కడుపుకి అతుక్కుపోయి కవచంలా తయారయ్యాయి. స్మౌగ్ దాన్ని చూసుకుని మురిసిపోతూ బిల్బోకి చూపిస్తాడు. ఎడమ రొమ్ము దగ్గర ఒక ఖాళీ ఉంది, అక్కడ రత్నం అతుక్కోలేదు. బిల్బో దాన్ని గమనిస్తాడు, ఒక పిట్ట వింటుంది, అది వెళ్లి సరస్సు ఊళ్లోని బార్డ్ అనే విలుకాడికి చెప్తుంది. ఊరు తగలబడుతుండగా బార్డ్ ఆఖరి బాణం వేస్తాడు. సినిమాలో ఆ ఖాళీ ఎప్పుడో పాత బాణం తగిలి పొలుసు ఊడిపోవడం వల్ల వచ్చింది. నాకు పుస్తకంలో ఉన్నదే ఇష్టం. అంత బంగారం పోగేసినా ఒక్క రత్నం తక్కువైంది, ఆ ఒక్క చోటే ప్రాణం పోయింది. ఇంకో సినిమా తేడా, టోల్కీన్ గీసిన బొమ్మల్లో స్మౌగ్‌కి నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ ఉంటాయి, సినిమాలో రెండే కాళ్లు. దీని మీద ఫ్యాన్స్ గొడవ జోలికి నేను పోను.

చాలామంది డ్రాగన్ చావుతో కథ అయిపోయిందనుకుంటారు. కాలేదు. ఫోర్బ్స్ పత్రిక 2013లో సరదాకి వేసిన కల్పిత ధనవంతుల జాబితాలో స్మౌగ్ రెండో స్థానంలో ఉన్నాడు, ఆస్తి 5,410 కోట్ల డాలర్లని లెక్క కట్టారు. ఆ ఆస్తి ఎవరికొచ్చింది? థోరిన్‌కి, ఆ కొండ అసలు వారసుడికి. మంచివాడే. కానీ ఆ గుట్ట దగ్గరికి రాగానే మారిపోతాడు. వీళ్లు డ్రాగన్‌ని లేపడం వల్లే సరస్సు ఊరు కాలిపోయింది. ఇళ్లు పోయిన జనం వచ్చి మాకు కొంత ఇవ్వండి అంటే తలుపులు మూసేస్తాడు. డ్రాగన్ చచ్చింది, దాని జబ్బు చావలేదు.

ఇది నాకు కొత్తగా అనిపించలేదు. మా తాత వాళ్ల పంపకాలు చూసినవాణ్ణి నేను. పొలం సర్దుకున్నారు, ఇల్లు సర్దుకున్నారు. చివర్లో ఒక రాగి గంగాళం దగ్గర ఆగిపోయారు. అది అటక మీద ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలీదు, అడుగున చిల్లు కూడా ఉంది. దానికోసం మా తాతా, చిన్న తాతా పదేళ్లు మాట్లాడుకోలేదు. చిన్న తాత పోయినప్పుడు మా తాత వెళ్లి గడప బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మని ఎవరైనా అంటారేమోనని. నేను అప్పుడు ఏడో తరగతి. బిల్బో ఆర్కెన్‌స్టోన్‌ని తీసుకెళ్లి ఎదుటివాళ్ల చేతిలో పెట్టిన చోట పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

సరే, మన దొంగ మిగిలిపోయాడు. బేవుల్ఫ్ చివరికి ఏమైందంటే, ముసలి రాజు డ్రాగన్ మీదికి బయలుదేరాడు. తనతో పదకొండు మంది యోధులు. దారి చూపించడానికి ఆ దొంగని ఈడ్చుకెళ్లారు, ఇష్టం లేకపోయినా పదమూడో మనిషిగా. హాబిట్‌లో పదమూడు అశుభ సంఖ్య అని బిల్బోని పద్నాలుగో వాడిగా చేర్చుకుంటారు, పనేమో దొంగతనం, లాభంలో పద్నాలుగో వంతు వాటా. టోల్కీన్ కావాలని చేశాడని నేననను. కానీ పాత కథలో ఈడ్చుకెళ్లిన మనిషికి కొత్త కథలో వాటా దొరికింది, పేరు దొరికింది, పుస్తకానికి టైటిలే వాడి మీద పడింది.

డ్రాగన్ దగ్గర బేవుల్ఫ్ కత్తి విరిగిపోయింది. పది మంది అడవిలోకి పారిపోయారు. విగ్లాఫ్ అనే ఒక్క కుర్రాడు నిలబడ్డాడు. ఇద్దరూ కలిసి డ్రాగన్‌ని చంపారు. తర్వాత కొలిస్తే యాభై అడుగులుంది. బేవుల్ఫ్ గాయాలతో చనిపోయాడు, పోయే ముందు ఆ బంగారాన్ని ఒకసారి చూపించమన్నాడు, నా ప్రజలకి పనికొస్తుందని సంతోషించాడు. ప్రజలు ఏం చేశారో తెలుసా? ఆయన సమాధి దిబ్బలో ఆ బంగారాన్ని మళ్లీ పాతిపెట్టేశారు. అది అక్కడే ఉంది, ఇదివరకటిలాగే ఎవరికీ పనికిరాకుండా అని కవి చెప్తాడు.

విగ్లాఫ్ ఏమన్నాడో ఉంది. పారిపోయిన పది మందికి పడిన తిట్లున్నాయి. చచ్చిన డ్రాగన్‌ని కొండ మీంచి సముద్రంలోకి తోసేయడం కూడా ఉంది. పదమూడో మనిషి ఏమయ్యాడో మాత్రం లేదు. వాణ్ణి వదిలేశారా, చంపారా, మళ్లీ ఆ యజమాని దగ్గరికే పంపారా, 3,182 పాదాల్లో ఒక్క మాట లేదు. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ ఆ కావ్యం మొత్తాన్ని స్కాన్ చేసి పెట్టింది, అందులో ఆ పేజీ కూడా ఉంది. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేసి చూస్తే గోధుమరంగు మరకల మధ్య మాసిపోయిన గీతలు కనిపిస్తాయి. వాటిలో ఎక్కడో వాడి అక్షరం, ఒక్కటే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో రామ్‌సుండ్ బండ గురించి పూర్తిగా మాట్లాడుకుందాం. అంతవరకు ఉంటాను మరి.